వేలు ఆగకూడదు, చోటు కదలకూడదు

ఫోన్‌లో ఫొటోల వరస మీద వేలితో గట్టిగా తోస్తే బొమ్మలు రాకుండా బూడిదరంగు డబ్బాలు పరుగెడుతుంటాయి. అప్పుడు మావైపు అందరి నోటా వచ్చే మాట ఒక్కటే: "సిగ్నల్ లేదు." ఆ మాటతో విషయం అక్కడితో ముగిసిపోతుంది. యాప్ చేసినవాళ్లని ఎవరూ ఏమీ అడగరు. చాలా సందర్భాల్లో ఆ మాట నిజం కాదని చెప్పడానికే ఇది రాస్తున్నాను. తప్పు సిగ్నల్‌ది కాదు, తక్కువ ధర ఫోన్ కొనుక్కున్న మనిషిది అసలే కాదు. ఆ యాప్‌నో వెబ్‌సైట్‌నో తయారుచేసినవాళ్లు కొన్ని విషయాలు ముందుగా ఆలోచించకుండా వదిలేశారు, అంతే. నేను చేసేదీ ఈ పనే. దుకాణాలకి ఫొటోల కేటలాగ్‌లు చేసిపెడతాను. అందుకే ఈ మాట మా పనివాళ్లని ఉద్దేశించి కూడా అంటున్నాను.

నమ్మకం కలగకపోతే ఒక పరీక్ష చేసి చూడండి. మీ ఫోన్‌లో ఏదైనా షాపింగ్ యాప్ తెరిచి, ఒక పేజీలోని ఫొటోలన్నీ పూర్తిగా వచ్చేదాకా నెమ్మదిగా కిందికి వెళ్లండి. తర్వాత ఏరోప్లేన్ మోడ్ పెట్టండి. ఇప్పుడు అదే పేజీని పైకీ కిందికీ వేగంగా తోయండి. ఇప్పుడు సిగ్నల్‌తో పనే లేదు, ఫొటోల్లో చాలావరకూ ఫోన్‌లోకి వచ్చేసినవే. అయినా కొన్ని యాప్‌లు తడబడతాయి, వేలు ముందుకెళ్తే పేజీ వెనకబడుతుంది, ఆగి ఆగి కదులుతుంది. ఈ తడబాటుకి టవర్‌ని ఎలా తప్పుపడతాం?

మాది పర్లాకిమిడి. ఒడిశాలో గజపతి జిల్లా కేంద్రం. 1936లో ఒడిశా విడి రాష్ట్రమైనప్పుడు మా ఊరు అటు చేరింది. ఇళ్లలో తెలుగు, ఆఫీసుల్లో ఒడియా, బజారులో రెండూ. ఆంధ్రాలోని పాతపట్నం పక్కనే ఉంది, ఆటో ఎక్కితే వెళ్లిపోవచ్చు. ఆ కాస్త దూరంలోనే ఫోన్ ఒడిశా సర్కిల్ టవర్ వదిలి ఆంధ్రా సర్కిల్ టవర్ పట్టుకుంటుంది, ఆ మారే సమయంలో డేటా కాసేపు ఆగిపోవడం ఇక్కడ అందరికీ అనుభవమే. కొండలవైపు, అంటే ఆర్.ఉదయగిరి దారిలో వెళ్తే పరిస్థితి ఇంకా కష్టం. కాబట్టి సిగ్నల్ సమస్యే లేదని నేననను. ఉంది. ఉందని తెలిసినప్పుడు ఫొటో ఆలస్యంగా వచ్చినా పేజీ చెడకుండా ఉండేలా కట్టడం మరింత అవసరం అంటున్నాను.

ఇక్కడ ఫోన్‌లో ఫొటోలు చూడటం కాలక్షేపం మాత్రమే కాదు. బరంపురం పట్టు చీరల దుకాణాలవాళ్లు ఇప్పుడు ఫొటోలు పెట్టి అమ్ముతున్నారు. పెళ్లి కుదిరితే బరంపురం రెండు మూడుసార్లు తిరగాల్సిన ఆడవాళ్లు ముందు ఫోన్‌లో చూసుకుని, నచ్చినవి గుర్తుపెట్టుకుని, ఒక్కసారి వెళ్లి తెచ్చుకుంటున్నారు. మొన్న మా పిన్ని తన కూతురి పెళ్లికి చీరలు చూస్తూ నన్ను పిలిచింది.

"ఒరే, ఇది చూడు. ఎర్రంచు చీర మీద నొక్కితే పసుపుది తెరుచుకుంటోంది. నా వేలు లావయిపోయిందేటి?"

"నీ వేలికేం కాలేదు పిన్నీ. నువ్వు సరైన చోటే నొక్కావు. నువ్వు నొక్కేలోపు పైనున్న ఫొటో ఒకటి వచ్చి, కిందవాటన్నిటినీ తోసేసింది."

"అయితే దానికి ముందే చోటు ఉంచొచ్చు కదా?"

ఉంచొచ్చు. ఉంచాలి. ఆవిడ అడిగిన ప్రశ్నకి జవాబు మా రంగంలో ఎప్పట్నుంచో ఉంది. నన్ను బాధపెట్టేది ఏమిటంటే, ఆవిడ ముందు తన వేలినే అనుమానించింది. యాప్‌లోని లోపాన్ని మనిషి తన చేతకానితనం అనుకోవడం నేను రోజూ చూస్తున్నాను. కళ్లద్దాలు మార్చుకోవాలేమో అనుకునేవాళ్లు, ఈ ఫోన్ పాతదైపోయింది ఇంకోటి కొనాలి అనుకునేవాళ్లు. ఆ కొత్త ఫోన్ ఖర్చు ఎవరి అలక్ష్యం వల్ల వచ్చిందో వాళ్లకి తెలియదు.

అసలు లోపల ఏం జరుగుతుందో కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే నా వాదనంతా దాని మీదే నిలబడి ఉంది.

మామూలు ఫోన్ తెర సెకనుకి 60 సార్లు కొత్త బొమ్మ గీస్తుంది. అలా గీసే ఒక్కో బొమ్మని ఫ్రేమ్ అంటాం. ఒక్కో ఫ్రేమ్‌కి దొరికే సమయం 16.67 మిల్లీసెకన్లు. మీరు వేలితో తోసినప్పుడు ఆ కొంచెం సమయంలోనే యాప్ పేజీ ఎంత జరిగిందో లెక్కవేయాలి, ఏ ఫొటో ఎక్కడ ఉండాలో తేల్చాలి, గీయాలి. ఆలస్యమైతే తెర పాత ఫ్రేమ్‌నే మళ్లీ చూపిస్తుంది. ఒకటి రెండు పోతే కంటికి అంతగా తెలియదు. వరసగా ఐదారు పోతే "స్టక్ అవుతోంది" అంటాం.

ఇప్పుడు ఫొటో సంగతి. దుకాణం కుర్రాడు ఫోన్‌తో చీర ఫొటో తీశాడనుకోండి. 12 మెగాపిక్సెల్ కెమెరా, అంటే 3000 చుక్కలు (పిక్సెళ్లు) అడ్డం, 4000 నిలువు. కుదించి దాచే జెపెగ్ ఫైలుగా అది మూడు నాలుగు ఎంబీ ఉంటుంది. ఆ మూడు నాలుగు ఎంబీలే అసలు బరువు అని చాలామంది అనుకుంటారు. తెర మీద చూపించాలంటే ఆ ఫైలుని విప్పాలి. దీన్నే డీకోడ్ అంటాం. విప్పాక ఒక్కో పిక్సెల్‌కి 4 బైట్లు. కోటీ ఇరవై లక్షల పిక్సెళ్లకి 4 కోట్ల 80 లక్షల బైట్లు, అంటే 48 ఎంబీ. ఒక్క చీరకి. తెర మీద ఒకేసారి ఆరు చీరలు కనిపిస్తూ, కింద ఇంకో ఆరు సిద్ధంగా ఉన్నాయంటే 576 ఎంబీ. రెండు మూడు జీబీల ర్యామ్ ఉన్న ఫోన్‌లో, వాట్సాప్, యూట్యూబ్ అన్నీ వెనక తెరిచి ఉండగా, ఒక్క యాప్ ఇంత అడిగితే సిస్టమ్ ఊరుకోదు. పాత ఫొటోలని తీసి పారేస్తుంది, మీరు వెనక్కి వెళ్తే మళ్లీ విప్పాలి. ఇంకా ఇరుకైతే యాప్‌నే మూసేస్తుంది.

విప్పడానికి సమయం కూడా పడుతుంది. తక్కువ ధర ఫోన్‌లో 12 మెగాపిక్సెళ్ల జెపెగ్‌ని విప్పడానికి వంద మిల్లీసెకన్లు దాటడం మామూలే. తెర గీసే దారిలోనే, అంటే మెయిన్ థ్రెడ్‌లోనే ఆ పని చేయిస్తే అంతసేపూ తెర కదలదు. వంద మిల్లీసెకన్లంటే ఆరు ఫ్రేములు పోయినట్టు. ఇందాక ఏరోప్లేన్ మోడ్‌లో కనిపించిన తడబాటు తరచుగా ఇక్కడిదే.

పిన్ని ఫోన్ తెర అడ్డంగా 720 పిక్సెళ్లు. రెండు వరసలుగా చీరలు చూపిస్తే ఒక్కో చీరకి దక్కేది 360. 360 వెడల్పు చోటుకి 3000 వెడల్పు ఫొటో పంపి, ఫోన్ చేత కుదింపించడం ఎందుకు? జెపెగ్‌లో ఒక మంచి సౌకర్యం ఉంది. 1992లో వచ్చిన ఆ పద్ధతి ఫొటోని 8×8 పిక్సెళ్ల గళ్లుగా విడగొట్టి దాస్తుంది. అందుకే విప్పేటప్పుడే సగానికో, పావుకో, ఎనిమిదో వంతుకో తగ్గించి విప్పడం తేలిక. ఆండ్రాయిడ్‌లో ఎన్నో వంతుకి తగ్గించాలో చెప్పే సంఖ్యని 8 అని ఇస్తే మన చీర 375×500కి వస్తుంది. మెమరీ 48 ఎంబీ నుంచి 0.75 ఎంబీకి దిగుతుంది. అరవై నాలుగో వంతు! ఒకే ఒక్క సంఖ్యతో. అంతకంటే మంచిది సర్వర్‌లోనే రెండు మూడు సైజుల్లో ఫొటోలు తయారుచేసి పెట్టుకోవడం. వెబ్‌సైట్‌లో అయితే ఏ తెరకి ఏ సైజు కావాలో బ్రౌజరే ఎంచుకునే వీలు ఉంది. అప్పుడు డేటా కూడా మిగులుతుంది. రోజుకి ఒకటి, ఒకటిన్నర జీబీ ప్యాక్ వేసుకునే ఇంట్లో అది చిన్న విషయం కాదు.

చీరల విషయంలో ఒక సంగతి ప్రత్యేకంగా చెప్పాలి, ఎవరూ పట్టించుకోరు కాబట్టి. బరంపురం పట్టు అంచులో గుడి గోపురాల వరసలా కుంభాలు ఉంటాయి. మొనలు సన్నగా, ఒక రంగులోంచి ఇంకో రంగులోకి చొచ్చుకుపోయినట్టు ఉంటాయి. కొనేవాళ్లు ముందు చూసేది ఆ మొనలనే. చాలా సాఫ్ట్‌వేర్లు జెపెగ్‌ని సేవ్ చేసేటప్పుడు వెలుగునీడల్ని ప్రతి పిక్సెల్‌కీ ఉంచి, రంగుని మాత్రం నాలుగు పిక్సెళ్లకి ఒకటే ఉంచుతాయి. మన కన్ను వెలుగు తేడాని పట్టినంత బాగా రంగు తేడాని పట్టదు గనక మామూలు ఫొటోల్లో ఇది తెలియదు. కానీ ఆకుపచ్చ చీరకి ఎర్రంచు ఉండి, రెండు రంగుల వెలుగూ దాదాపు ఒకటే అయితే తేడా అంతా రంగులోనే ఉంటుంది. అప్పుడు ఆ సన్నని మొన చుట్టూ ఎరుపు పాకినట్టు, నీళ్లలో రంగు కారినట్టు కనిపిస్తుంది. చేనేత పనిలో లోపం ఉందని కొనేవాళ్లు అనుకుంటారు. జాబితాలోని చిన్న ఫొటోకి పర్వాలేదు గానీ, నొక్కి పెద్దది చేసి చూసే ఫొటోకి రంగుని పూర్తిగా ఉంచే పద్ధతిలోనే సేవ్ చేయాలి. ఫైలు కొంచెం పెరుగుతుంది, పెరగనివ్వండి. అక్కడ మనిషి ఆగి చూస్తున్నాడు. పరుగులో ఉన్నప్పుడు పొదుపు చేసి, ఆగినప్పుడు ఖర్చు పెట్టాలి.

ఈ పరుగూ ఆగడమూ అన్న తేడా దగ్గరే నా అసలు మాట ఉంది. వేగంగా తోస్తున్న మనిషికి ఆ క్షణాన ఫొటోలన్నీ అక్కర్లేదు. తను ఎక్కడిదాకా వచ్చిందో తెలియాలి, తోసినప్పుడల్లా పేజీ కదలాలి. ఆగినచోట ఫొటో కావాలి. అంటే మొదటి హక్కు వేలిది, రెండోది ఫొటోది. 2007లో మొదటి ఐఫోన్ వచ్చినప్పుడు దాని బ్రౌజర్‌లో పేజీని వేగంగా తోస్తే, ఇంకా గీయని భాగంలో తెలుపూ బూడిదా గళ్లు కనిపించేవి. చూడటానికి బాగోలేదు. కానీ పేజీ మాత్రం వేలిని వదలకుండా వచ్చేది. గీయడం పూర్తయ్యేదాకా వేలిని ఆపుదామా, వేలిని పోనిచ్చి గీయడం తర్వాత చేద్దామా అన్న ప్రశ్నకి వాళ్లు రెండోదే ఎంచుకున్నారు. ఆ ఎంపిక సరైనదని నేను గట్టిగా నమ్ముతాను. తర్వాత ఇన్నేళ్లలో వచ్చిన మంచి పద్ధతులన్నీ ఆ ఎంపికని మన్నిస్తూ, ఆ గళ్లు కనబడకుండా చేయడానికి వచ్చినవే.

దానికి ఏం చేయాలంటే, వేలు ఎగరేసినంత వేగంలో దాటిపోతున్న ఫొటోల కోసం సర్వర్‌ని అడగకూడదు. చాలా యాప్‌లు దారిలో ఉన్న ప్రతి ఫొటోనీ అడుగుతాయి. రెండొందల చీరలు దాటి ఆగితే, ముందు ఆ రెండొందలు వచ్చి, చివరికి మీ కళ్ల ముందున్నది వస్తుంది. ఇక్కడ మళ్లీ "సిగ్నల్ స్లో" అంటాం. సిగ్నల్ ఉన్నంతలో బాగానే పనిచేసింది, అక్కర్లేనివి మోసింది. తెరమీంచి వెళ్లిపోయిన ఫొటో కోసం పెట్టిన అర్జీని వెంటనే రద్దు చేయాలి, ఇప్పుడు కనిపిస్తున్నవాటికి ముందు చోటివ్వాలి. వేగం తగ్గాక, ఏ దిక్కుకి వెళ్తున్నారో ఆ దిక్కులో ఒకటి రెండు తెరల మేర ముందుగా తెచ్చిపెట్టుకోవాలి. ఆండ్రాయిడ్‌లో గ్లైడ్, పికాసో, ఫ్రెస్కో, కాయిల్ లాంటి లైబ్రరీలు, అంటే వేరేవాళ్లు ముందే రాసిపెట్టిన కోడ్, ఈ పనుల్లో చాలావాటిని ఉచితంగానే చేసిపెడతాయి. ఐఫోన్‌లో ముందుగా తెచ్చుకునే ఏర్పాటు 2016 నుంచీ సిస్టమ్‌లోనే ఉంది. వెబ్‌లో ఒక్క చిన్న మాట రాస్తే ఫొటో దగ్గరికి వచ్చినప్పుడే తెచ్చుకోవడం క్రోమ్‌లో 2019 నుంచి, ఫైర్‌ఫాక్స్‌లో 2020 నుంచి, సఫారీలో 2022 నుంచి కుదురుతోంది.

క్రోమ్ ఇక్కడ చూపించిన జాగ్రత్త నాకు నచ్చింది. నెట్ బాగున్నప్పుడు ఫొటో 1250 పిక్సెళ్ల దూరంలో ఉండగా తెచ్చుకోవడం మొదలుపెడుతుంది, నెమ్మది నెట్ మీద 2500 పిక్సెళ్ల దూరం నుంచే మొదలుపెడుతుంది. నెట్ బలహీనమైనచోట ముందునుంచే బయలుదేరాలని దానికి తెలుసు. అయితే పేజీ తెరవగానే పైన కనిపించే ఫొటోకి కూడా ఈ "తర్వాత తెద్దాం" పద్ధతి తగిలించేవాళ్లున్నారు. దానివల్ల మొదటి బొమ్మే ఆలస్యమవుతుంది. తెరవగానే కనిపించేది ఆగకుండా రావాలి, మిగతావి మాత్రమే వరసలో నిలబడాలి.

ఇక అన్నిటికంటే నాకు కోపం తెప్పించే లోపం: తప్పు ఫొటో చూపించడం. పొడవైన జాబితాలో వెయ్యి చీరలుంటే ఫోన్ వాటిని చూపించడానికి వెయ్యి గళ్లు తయారుచేయదు. తెరకి సరిపడా ఓ పది పన్నెండు చేసి, పైకి వెళ్లిపోయిన గడిని తీసుకొచ్చి కింద మళ్లీ వాడుకుంటుంది. ఐఫోన్‌లో మొదట్నుంచీ ఇదే పద్ధతి, ఆండ్రాయిడ్‌లో 2014లో వచ్చిన రీసైక్లర్‌వ్యూ పేరే అది చెప్తుంది. చాలా తెలివైన ఏర్పాటు. కానీ ఐదో చీర కోసం అడిగిన ఫొటో ఆలస్యంగా వచ్చేసరికి ఆ గడి పదిహేడో చీరకి వెళ్లిపోయి ఉంటుంది. వచ్చిన ఫొటో "ఇది ఇంకా నా గడేనా" అని చూసుకోకపోతే పదిహేడో చీర పేరు, ధర కింద ఐదో చీర బొమ్మ కూర్చుంటుంది. ఒక్క క్షణమే కావచ్చు, తర్వాత సరైనది రావచ్చు. ఆ క్షణంలో ఒకావిడ స్క్రీన్‌షాట్ తీసి చెల్లెలికి పంపితే? "ఈ చీర ఇంతకే ఇస్తున్నారట" అని ఇద్దరూ బరంపురం బయల్దేరితే? కౌంటర్ దగ్గర మాట పడేది ఆవిడే. గడిని మళ్లీ వాడే ముందు పాత బొమ్మ తుడిచేయడం, వచ్చిన ఫొటోకి గుర్తు సరిచూడటం, ఇవి రెండు మూడు వరసల కోడ్ రాస్తే అయిపోయే పని. అందులో అలక్ష్యానికి నేను ఏ సాకూ ఒప్పుకోను. ఆలస్యంగా చూపించినా క్షమించవచ్చు, అబద్ధం చూపించకూడదు.

పిన్ని అడిగిన చోటు సంగతికి వస్తాను. పెళ్లి పంక్తిలో కూర వచ్చాక విస్తరి వేయరు. ఎంతమంది కూర్చున్నారో చూసి అందరికీ ముందు విస్తళ్లు పరిచేస్తారు, వడ్డన ఎంత ఆలస్యమైనా ఎవరి చోటు వాళ్లదే. ఫొటోకి కూడా అంతే కావాలి. ఫొటో ఎప్పుడు వచ్చినా సరే, దాని వెడల్పెంత ఎత్తెంత అన్నది ఆ ఫొటో ఎక్కించిన రోజే సర్వర్‌కి తెలుసు. ఆ రెండు అంకెలూ జాబితాతోపాటే పంపేస్తే చాలు. వెబ్‌లో ఫొటోకి వెడల్పూ ఎత్తూ రాసిపెడితే ఆ నిష్పత్తిలో బ్రౌజర్లు ముందే చోటు ఉంచడం 2019 చివర్లో మొదలైంది. 2020లో గూగుల్ పేజీల నాణ్యతకి కొన్ని కొలతలు ప్రకటించింది. అందులో ఒకటి సరిగ్గా ఈ గెంతులాటనే కొలుస్తుంది, ఆ అంకె 0.1 లోపు ఉంటే మంచిదంటుంది. అంటే ఇది నా చాదస్తం కాదు, ప్రపంచమంతా ఒప్పుకున్న ఇబ్బందే.

ఇందులో ఎక్కువ బాధితులు వార్తలు చదివేవాళ్లు. సరిహద్దు ఇవతల తెలుగు పేపరు అన్ని ఊళ్లకీ పొద్దున్నే రాదు, ఫోన్‌లోనే చదువుకోవాలి. పేరా మధ్యలో ఉండగా పైన ప్రకటన వచ్చి పడుతుంది, చదువుతున్న వాక్యం కిందికి పోతుంది, వెతుక్కునేలోపు ఇంకో ఫొటో. మా ఇంట్లో పెద్దాయన ఒకరు పేజీ తెరిచి, ఫోన్ బల్ల మీద పెట్టి, అన్నీ "దిగేదాకా" ఆగి, అప్పుడు చదవడం మొదలుపెడతారు. ఆయన ఓపికని మెచ్చుకోవాలో, ఆ ఓపిక అవసరమైనందుకు సిగ్గుపడాలో మా రంగంవాళ్లు తేల్చుకోవాలి.

చోటు ఉంచాక ఆ చోటులో ఏం చూపించాలి? బూడిదరంగు డబ్బా ఒక పద్ధతి. గిర్రున తిరిగే చక్రం ఇంకో పద్ధతి, నాకది బొత్తిగా నచ్చదు. తెర మీద ఆరు చక్రాలు తిరుగుతుంటే చూసేవాళ్లకి టెన్షన్ తప్ప సమాచారం ఏమీ లేదు. మూడోది, ఫొటో తాలూకు మసక రూపాన్ని ముందు చూపించడం. 2015లో ఫేస్‌బుక్ ఇంజనీర్లు తమ యాప్‌లోని కవర్ ఫొటోలకి 200 బైట్లలో పట్టే చిన్న రూపం తయారుచేసి, జాబితాతోపాటే పంపి, ఫోన్‌లో దాన్ని మసకగా పెద్దది చేసి చూపించారు. ఒక తెలుగు వాక్యం అంత బరువు! ఆ ప్రయత్నం చదివినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంకా గుర్తుంది, ఎందుకంటే అది నెట్ నెమ్మదిగా ఉండే మనలాంటి చోట్ల కోసమే ఆలోచించిన పని.

చీరలకైతే నేను అంతకంటే సులువైనది వాడతాను. ఒళ్లు రంగు ఒకటి, అంచు రంగు ఒకటి. రెండు రంగుల సంఖ్యలు, మొత్తం ఆరు బైట్లు. ఫొటో రాకముందు గడిలో పైభాగం ఒళ్లు రంగుతో, కింద సన్నని పట్టీ అంచు రంగుతో కనిపిస్తుంది. పసుపు వద్దనుకునే మనిషి పసుపు గడుల్ని చూస్తూనే దాటేస్తుంది, ఫొటో కోసం ఆగాల్సిన పని లేదు. ఎర్రంచు వెతుక్కునేవాళ్లు ఎర్ర పట్టీ కనబడగానే వేలు ఆపుతారు. ఆగిన చోటికి అప్పుడు అసలు ఫొటో వస్తుంది. ఆరు బైట్లతో సగం బేరం తేలిపోతుంది. అన్ని సరుకులకీ ఇది కుదరదు, పుస్తకాల అట్టలకి రంగు చెప్తే ఏం తెలుస్తుంది? కనుక ఏం చూపించాలన్నది సరుకుని బట్టి, కొనేవాళ్లు ముందు దేన్ని చూస్తారన్నదాన్ని బట్టి నిర్ణయించాలి. అది తెలియాలంటే కొనేవాళ్ల పక్కన కూర్చుని చూడాలి.

"ఇదంతా ఎందుకండీ, ఫోన్లు ఏటేటా మెరుగవుతున్నాయి, రెండేళ్లు ఆగితే ఈ సమస్యే ఉండదు" అనే వాదన నేను చాలాసార్లు విన్నాను. ఇది నిలబడదు. ఫోన్ వేగం పెరిగింది నిజమే. తెర వేగమూ పెరిగింది. 90 సార్లు గీసే తెరకి ఫ్రేమ్‌కి 11.1 మిల్లీసెకన్లే దొరుకుతాయి, 120 సార్లు గీసేదానికి 8.33. గడువు సగమైపోయింది. కెమెరాలూ ఆగలేదు. ఇప్పుడు మధ్యరకం ఫోన్‌లో కూడా 50 మెగాపిక్సెళ్లు అని రాస్తున్నారు. ఆ పూర్తి సైజులో తీసిన ఫొటోని యథాతథంగా విప్పితే 200 ఎంబీ. ప్రాసెసర్ ఇచ్చిన లాభాన్ని తెరా, కెమెరా కలిసి పట్టుకుపోతున్నాయి. పైగా కొత్త ఫోన్ కొన్నప్పుడు పాతది ఎక్కడికి పోతుంది? అమ్మకో, అత్తకో, స్కూలుకెళ్లే పిల్లకో. గుణుపురంలో, కాశీనగర్‌లో ఇంటింటా అలాంటి రెండో చేతి ఫోన్లు ఉన్నాయి. ఆ ఫోన్‌తోనే వాళ్ల ప్రపంచమంతా.

కొత్త ఫార్మాట్లు వచ్చాయి కదా అనేవాళ్లూ ఉన్నారు. 2010లో గూగుల్ తెచ్చిన వెబ్‌పీ, 2019లో వచ్చిన ఏవిఫ్ రెండూ జెపెగ్ కంటే చిన్న ఫైళ్లు ఇస్తాయి, నేనూ వాడతాను. అయితే ఫైలు చిన్నదైతే దారిలో సమయం తగ్గుతుంది గానీ, విప్పాక మెమరీలో బరువు మాత్రం అదే: వెడల్పు × ఎత్తు × 4 బైట్లు. 3000×4000 ఫొటోని ఏ ఫార్మాట్‌లో పంపినా 48 ఎంబీయే. ఫార్మాట్ మార్చి సైజు మార్చకుండా వదిలేస్తే సగం పనే చేసినట్టు.

మా రంగంలోని తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ ఒకటే అడుగుతున్నాను. మీ దగ్గర ఉన్న మంచి ఫోన్‌లో, ఆఫీసు వైఫై మీద చూసి "బాగుంది" అనకండి. మూడు జీబీల ర్యామ్ ఉన్న ఫోన్ ఒకటి పక్కన పెట్టుకోండి. ఆండ్రాయిడ్ సెట్టింగ్స్‌లో డెవలపర్ ఆప్షన్స్ తెరిస్తే ఒక్కో ఫ్రేమ్‌కి ఎంత సమయం పట్టిందో తెర మీద నిలువు గీతలుగా చూపించే ఏర్పాటు ఉంది. అడ్డంగా ఒక ఆకుపచ్చ గీత ఉంటుంది, 60 సార్లు గీసే తెర మీద అది 16 మిల్లీసెకన్ల గుర్తు. నిలువు గీతలు ఆ ఆకుపచ్చ గీత కిందే ఉండాలి. మీ జాబితాని వేగంగా తోసి, ఎన్ని గీతలు పైకి లేస్తున్నాయో చూడండి. లేచిన ప్రతిచోటా ఏం జరుగుతోందో వెతకండి: ఫొటో పెద్దదా, విప్పడం మెయిన్ థ్రెడ్‌లో జరుగుతోందా, ఒకసారి విప్పినదాన్ని దాచుకోకుండా మళ్లీ విప్పుతున్నారా. తర్వాత ఫోన్‌ని మీ ఇంట్లో పెద్దవాళ్లకిచ్చి, ఏమీ చెప్పకుండా, వాళ్ల వేలు ఎక్కడ తడుముకుంటోందో చూడండి.

దుకాణాలవాళ్లకి కూడా ఒక మాట. కేటలాగ్ చేయించుకునేటప్పుడు రంగులు, లోగో, అడ్రసు గురించి గంటలు మాట్లాడతారు. డబ్బు కట్టే ముందు మీ కొట్లో పనిచేసే అమ్మాయి ఫోన్‌లో తెరిపించి, వంద చీరల కిందికి ఒక్క తోపు తోయించండి. పేజీ ఆగిందా, చోటు కదిలిందా, ఒకదాని ధర కింద ఇంకోటి కనిపించిందా, ఈ మూడూ అక్కడే తేలిపోతాయి. తేడా ఉంటే సరిచేసి ఇమ్మని అడగండి. సిగ్నల్ మాట చెప్తే, ఫోన్‌ని ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి మళ్లీ తోసి చూపించమనండి.